పొట్టగోడకు పునర్నిర్మాణము

ఇంటి గోడకు చెదలు పట్టినప్పుడు తెలిసిన మేస్త్రి చెదలు కనిపించినంత మేరయే గాక, దాని చుట్టును మరికొంత భాగమును త్రవ్వి తీసివేయును. అంతటితో తన పని ముగిసినదని వెళ్ళిపోడు. పైకప్పు బరువును మోయునది ఆ గోడయే గనుక, ఏర్పడిన కంతను పూడ్చి, గోడకు మునుపటి బలము వచ్చునట్లు చేసిన పిదపనే కూలి అడుగును. ఉదరము నుండి గడ్డను తొలగించు వైద్యుని బాధ్యతయు ఇట్టిదే. గడ్డను తీయుట సగము పని. పొట్టగోడను తిరిగి కట్టుట మిగిలిన సగము.

ఒక ఉదాహరణము చూతము. రెండవ కాన్పు జరిగి ఏడాదియైన ఒక రైతు ఇల్లాలికి, స్నానము చేయుచుండగా, బొడ్డుకు దిగువ ఒక ప్రక్కగా నిమ్మకాయంత గట్టి గడ్డ చేతికి తగిలినదనుకొందము. నొప్పి లేదు. నొప్పి లేని గడ్డకు ఆసుపత్రి యెందుకని అత్తగారందురు. ఇరుగమ్మ పసరు కట్టుమనును. పొరుగమ్మ వాత పెట్టించుమనును. ఆ ఇల్లాలి మనస్సులో మాత్రము వేరొక భయమున్నది. “పొట్ట కోసిన తరువాత మరల నీళ్ళబిందె ఎత్తగలనా? పిల్లవానిని చంకనెత్తుకొనగలనా?” ఈ భయము సహజమైనదే. దానికి నేటి వైద్యశాస్త్రము చెప్పు సమాధానమును తెలుసుకొందము.

పొట్టగోడ యనగా నేమి?

పైకి కనిపించు చర్మము క్రింద కొవ్వు, దాని క్రింద కండరములు, వాటిని అంటిపెట్టుకొని తెల్లని గట్టిపొరలు, అన్నింటికి లోపల ప్రేగులను ఆవరించిన పలుచని పొర ఉండును. ఇవన్నియు కలిసినదే పొట్టగోడ. బొడ్డుకు ఇరుప్రక్కల రెండు కండరములు నిలువుగా దిగును. పక్కలందు మూడు కండరములు ఒకదానిపై నొకటి పరచుకొని, మంచపు నవారు వలె వేర్వేరు దిశలలో సాగును. ఈ అల్లిక వలననే అంత పలుచని గోడకు అంత బలము. ప్రేగులను లోపల నిలుపునది ఇదే. దగ్గుటకు, మలవిసర్జనకు, ప్రసవమునకు, బరువెత్తునపుడు వెన్నెముకకు ఊతమిచ్చుటకు ఇదియే ఆధారము.

గడ్డ కనిపించినపుడు

పొట్టమీది ప్రతి గడ్డయు కణితి కాదు. దగ్గినపుడు ఉబ్బి, పడుకొనినపుడు లోపలికి పోవునది సాధారణముగా హెర్నియా. సిజేరియను మచ్చ వద్ద ప్రతి నెల బహిష్టు సమయమున నొప్పితో ఉబ్బునది వేరొక వ్యాధి. దగ్గినను, పడుకొనినను మారక, గట్టిగా నిలిచి క్రమముగా పెరుగు గడ్డను మాత్రము ఉపేక్షింపరాదు.

పైన చెప్పిన ఇల్లాలి వయసు స్త్రీలలో, గర్భధారణ సమయమునగాని, కాన్పు తరువాతగాని, అరుదుగా ‘డెస్మాయిడ్’ అను కణితి పుట్టును. ఇది క్యాన్సరు వలె ఊపిరితిత్తులకో, కాలేయమునకో వ్యాపింపదు. కాని కండరములలోనికి వేళ్ళు తన్నును, తీసిన చోటనే మరల మొలవవచ్చును. దీనికి భిన్నముగా ‘సార్కోమా’ అనునది నిజమైన క్యాన్సరు. చేతితో తడిమి ఈ రెండింటి భేదమును ఎవరును చెప్పలేరు. అందుచేత ముందుగా స్కానింగు తీసి, సూదితో చిన్న ముక్కను సేకరించి పరీక్షింపవలెను. పరీక్ష లేకుండ తొందరపడి కోయించుకొనుట పెద్ద పొరపాటు. సగము తీసిన కణితి తిరిగి పెరుగును; రెండవమారు కోయవలసి వచ్చిన భాగము మొదటిదానికంటె పెద్దదగును.

డెస్మాయిడ్ అని తేలిన వెంటనే కోయుటయు నేటి పద్ధతి కాదు. కొన్ని కణితులు తమంతట తామే పెరుగుట మాని, కొన్ని క్రుంగిపోవుచున్నవి. కావున వైద్యులు తరచుగా కొన్ని నెలలపాటు స్కానింగుతో కనిపెట్టి చూచుదురు. పెరుగుచున్నచో మందులో, శస్త్రచికిత్సయో నిర్ణయింతురు. కనిపెట్టి చూచుట అనగా ఊరకుండుట కాదు. చెప్పిన తేదీకి తప్పక పోవలెను. సార్కోమా విషయమున మాత్రము ఆలస్యము తగదు.

గోడను తిరిగి కట్టు విధములు

కణితిని తీయునపుడు చుట్టును ఆరోగ్యకరమైన కండరమును కూడ కొంత కలిపి తీయుదురు. గడ్డ వెడల్పు 5 సెంటీమీటర్లు, చుట్టును తీయవలసినది 2 సెంటీమీటర్లు అనుకొందము. ఏర్పడు కంత 9 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు అరచేయి వెడల్పు. దీని అంచులను బలవంతముగా లాగి కుట్టినచో దారము కండరమును కోసికొనిపోవును. కొన్నాళ్ళకు ప్రేగులు ఆ చోటున ఉబికి వచ్చును. మరీ బిగువైనచో ఊపిరి తీయుటయే కష్టమగును.

కంత చిన్నదైనచో అంచులను కలిపి కుట్టిన చాలును. పెద్దదైనచో పాలీప్రొపిలీన్ అను ప్లాస్టికు దారముతో నేసిన వలను అమర్చుదురు. ఇట్టి ప్లాస్టికు వలలను పొట్టగోడ మరమ్మతులో వాడుటకు 1958లో అమెరికా దేశపు శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ అషర్ బాటవేసెను. కొన్ని వారములలో వల కన్నుల గుండ శరీర కణజాలము పెరిగి, వలయు గోడయు ఒకటియగును. సిమెంటు పలకలో ఇనుప ఊచలున్నట్లు అది లోపల నుండి బలమిచ్చును. సాధారణపు వల ప్రేగులకు తగిలినచో అంటుకొనును. కావున దానికిని ప్రేగులకును నడుమ శరీరపు పొర ఒకటి ఉండునట్లు చూతురు. వీలు కానప్పుడు పూత పూసిన ప్రత్యేకపు వలను వాడుదురు.

నడిమి భాగమున పెద్ద కంత పడినపుడు మరియొక ఉపాయమున్నది. పక్క కండరముల పొరలలో వెలుపలి దానిని విడదీసినచో, నిలువు కండరములు మధ్యకు జరుగును. 1990లో ఆస్కార్ రమీరెజ్ మొదలగు వైద్యులు ఈ పద్ధతిని వివరించిరి. నడుము దగ్గర ఒక్కొక్క ప్రక్క 10 సెంటీమీటర్ల వరకు కండరమును జరుపవచ్చునని వారు చూపిరి.

చర్మము కూడ పోయినచో వల ఒక్కటి చాలదు; దానిని కప్పుటకు సజీవమైన కణజాలము కావలెను. అప్పుడు తొడ నుండి చర్మమును, గట్టిపొరను రక్తనాళములతో సహా ఎత్తి, పొట్టమీదికి త్రిప్పి కుట్టుదురు. నారుమడిలోని మొక్కను వేరుమట్టితో ఎత్తి నాటినట్లే ఇదియు. రక్తము అందినంతకాలము ఆ భాగము బ్రతుకును. ఈ పని ప్లాస్టిక్ సర్జనుది. కావుననే కణితిని తీయు వైద్యుడును, ప్లాస్టిక్ సర్జనును కోతకు ముందే కలిసి ఆలోచించు ఆసుపత్రిని ఎంచుకొనుట మేలు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొనినను కొందరికి వల వద్ద చీము పట్టుట, మరల ఉబ్బు కనిపించుట కలుగవచ్చును. ఆ సంగతియు రోగికి ముందే తెలియవలెను.

ముందు జాగ్రత్తలు

చుట్ట, బీడి, సిగరెట్టు, గుట్కా కనీసము నాలుగు వారములు ముందుగా మానవలెను. పొగాకు గాయమునకు రక్తము చక్కగా అందనీయదు. మధుమేహమును అదుపులో నుంచుకొనవలెను. రక్తహీనత, విడువని దగ్గు, మలబద్ధకము ఉన్నచో ముందుగానే వైద్యము పొందవలెను.

ఇంటివారి బాధ్యత

శస్త్రచికిత్స జరిగిన మరునాటి నుండియే, వైద్యుడు చెప్పిన ప్రకారము, మెల్లగా నడువవచ్చును. మంచము పట్టియుండుట మంచిది కాదు. దగ్గు వచ్చినపుడు దిండును పొట్టకు అదిమి పట్టుకొనవలెను. చెప్పినంతకాలము పొట్టపట్టీ ధరింపవలెను. కాని బరువులు మాత్రము ఎత్తరాదు. చిన్న కోతకు ఆరు వారములు, పెద్ద నిర్మాణమునకు మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు ఈ నియమము ఉండును. పదిహేను లీటర్ల బిందె నిండినచో నీరే పదిహేను కిలోల బరువు. గడ్డిమోపు, ధాన్యపు బస్తా సంగతి చెప్పనక్కరలేదు.

మన ఇండ్లలో జరుగు పొరపాటు ఇచ్చటనే. పైకి కుట్లు మానినవి గనుక మనిషి బాగైనదని తలచి, పదునైదవనాడే ఆమెను బావి వద్దకు పంపుదురు. లోపలి గోడ ఇంకను పచ్చిగానే ఉండును. పచ్చిగోడపై దూలము మోపు ఇంటి యజమాని యెవడైన ఉండునా? ఆ మూడు నెలలు బిందెను భర్త ఎత్తవలెను. చంటివానిని ఆమె కూర్చుండియుండగా ఒడిలోనికి అందింపవలెను.

జ్వరము, గాయము నుండి చీము, క్రొత్తగా ఉబ్బు, పొట్ట ఉబ్బి వాంతులగుట, ఒక కాలు వాచుట, ఆయాసము కనిపించినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. అన్నియు బాగుగనే ఉన్నను, కణితి తిరిగి రాలేదని నిశ్చయించుకొనుటకు కొన్ని సంవత్సరములు పరీక్షలకు వెళ్ళవలెను. మరల బిడ్డను కోరువారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను. వల ఉన్నంత మాత్రమున సంతానమునకు అడ్డు లేదు.

ఎచ్చటికి పోవలెను?

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపి, ఆయన వ్రాసిచ్చిన చీటీతో పెద్ద ఆసుపత్రికి పోవలెను. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి 1955 నుండి సేవచేయుచున్నది. విశాఖపట్టణమున టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము వంటి ప్రభుత్వ పథకముల క్రింద తమ చికిత్సకు ఎంతవరకు సహాయము లభించునో ఆసుపత్రిలోని పథకపు సహాయకులను ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

ఆ రైతు ఇల్లాలి ప్రశ్నకు ఇక సమాధానము చెప్పవచ్చును. గడ్డ నిమ్మకాయంత ఉన్నపుడే చూపించుకొని, పరీక్ష చేయించి, అవసరమైనచో తగినచోట శస్త్రచికిత్స పొంది, ఇంటివారు మూడు నెలలు ఆమె బరువును తాము మోసినచో, ఆమె మరల బిందె ఎత్తు అవకాశములు మెండు. గడ్డ కొబ్బరికాయంత అగువరకు దాచిపెట్టినచో కంతయు పెద్దదగును, దానిని పూడ్చుటయు కష్టమగును. కావున సోదరీమణులారా, పొట్టపై గట్టిగడ్డ చేతికి తగిలిన నాడే ఇంట చెప్పుడు. ఇంటివారలారా, చెప్పిన నాడే ఆమెను వైద్యుని వద్దకు తీసికొనిపొండు.