మూత్రపిండముల చేటు: ఓరుగంటివారికొక మనవి

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందు కవిటి, సోంపేట, పలాస ప్రాంతముల రైతులును కూలీలును, మధుమేహము లేనివారు సైతము, మూత్రపిండములు చెడి మరణించుట లోకవిదితము. నీరా, ఎండలోని చాకిరియా, పురుగుమందులా యని యెన్నియో పరిశోధనలు జరిగినను కారణము ఇదమిత్థముగ తేలలేదు. ఎల్ సాల్వడార్ చెరకుతోటల కూలీలలోను, శ్రీలంక ఉత్తరమధ్య మండలపు వరిరైతులలోను ఇట్టి వ్యాధియే కానవచ్చినది. పలాసయందు 2023 డిసెంబరులో పరిశోధనాకేంద్రముతో గూడిన ఆసుపత్రి ప్రారంభమైనది.

ఈ వార్తలు చదివి, ఓరుగంటిలో ఎవరికి ఈ వ్యాధి కలిగినను నీటిపై నింద మోపువారు కలరు. మేమందుల కంగీకరింపజాలము. మన దేశమున మూత్రపిండములు చెడుటకు మొదటి హేతువు మధుమేహము; దాని వెంబడిది రక్తపుపోటు. మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడపోసి, అందు లీటరున్నర మాత్రము మూత్రముగ విడుచును. ఆ సన్నని నాళములను చక్కెరయు పోటును ఏండ్లతరబడి చెరచుచుండినను నొప్పి యుండదు. కాళ్లు వాచి ఆయాసము పుట్టునప్పటికి వాని శక్తి చాలవరకు నశించియుండును.

నొప్పిమాత్రలను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఎనుమాముల మార్కెట్టులో మండుటెండన మిరపబస్తాలు మోయు హమాలీకి, పత్తిచేలలో నడుము వంచు కూలివారికి, మోకాళ్లనొప్పుల ముసలమ్మకు వైద్యుడు వీధిచివరి మందుల దుకాణమే. డైక్లోఫెనాక్ వంటి మాత్ర నొప్పితోపాటు మూత్రపిండములకు పోవు రక్తమును గూడ తగ్గించును. చెమటపోసి దేహమున నీరెండినవానికి అది మరింత హానికరము. కావున కమతములు గలవారు కూలీలకు నీడయు త్రాగునీరును ఏర్పరచుట దానధర్మముల లెక్కలోనిది కాదు. కలుపుమందు పారాక్వాట్‌ను ఇంటిలో నుంచుట మరియొక విపత్తు. గుక్కెడు కడుపులోనికి పోయెనా, మూత్రపిండములును ఊపిరితిత్తులును చెడును; విరుగుడు లేదు.

ఎం.జి.ఎం. ఆసుపత్రియందు డయాలిసిస్ కలదు, నిజమే. అయినను వారమునకు రెండు మూడుమారులు, నాలుగేసి గంటలు యంత్రమును ఆశ్రయించువాడు సేద్యమెట్లు సాగించును? రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షించుటకు ఒక ఉదయము చాలును. మధుమేహముగాని పోటుగాని గలవారెల్లరు ఏటికొకమారైన దానిని చేయించుకొనవలెను. వైద్యుని చీటి లేక డైక్లోఫెనాక్ అమ్మరాదను నిబంధన కాగితముపై నున్నది. దానిని దుకాణపు మెట్లదాక తెచ్చు బాధ్యత ఔషధ తనిఖీ అధికారులది.