పంటు ఎన్ని సెంటీమీటర్లు దిగింది? పరీక్షలో ఈ ప్రశ్న వస్తే!

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కారా ఎప్పుడైనా? బైకులు, ఆటోలు, కార్లు, మనుషులు... అందర్నీ మోసుకుని గౌతమి దాటి అవతల కోటిపల్లిలో దింపేస్తుంది. ఎక్కినవాళ్లలో సగంమంది రీల్స్ తీస్తుంటారు. అదే కెమెరాను పంటు అంచు నీటిని తాకేచోటికి తిప్పి చూడండి. వ్యాన్ ఎక్కగానే పంటు కాస్త కిందికి దిగుతుంది. తొమ్మిదో తరగతి ఫిజిక్స్ అంతా అక్కడే ఉంది.

మరి పరీక్షలో ఏమడుగుతారు? ‘ఆర్కిమెడిస్ సూత్రమును నిర్వచింపుము.’ గైడ్‌లో మూడు లైన్లు బట్టీ కొడితే మార్కులు వచ్చేస్తాయి. ఆ మూడు లైన్లు ఇప్పుడు ఫోన్‌లో రెండు సెకన్ల పని. మరి పిల్లాడికి నిజంగా ఏం వచ్చో తెలుసుకోవాలంటే ఎలా అడగాలి?

ఇలా అడిగి చూద్దాం. పంటు అడుగు పెట్టెలా ఉంది, పొడవు 20 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు అనుకోండి. అంచున ఒకచోట టేపు అంటించి, బరువు పెరిగేకొద్దీ ఫొటోలు తీశారు. 1.2 టన్నులకు 1 సెంటీమీటరు దిగింది. 2.4కి 2, 3.6కి 4.5, 4.8కి 4. వీటిలో మీరు నమ్మని రీడింగ్ ఏది? ఎందుకు? మళ్లీ కొలిస్తే ఏం మారుస్తారు?

లెక్క తేలికే. అడుగు వైశాల్యం 120 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు దిగితే పక్కకు జరిగే నీళ్లు 1.2 ఘనపు మీటర్లు, అంటే 1.2 టన్నులు. కాబట్టి 3.6కి 3 రావాలి. కానీ అసలు పరీక్ష ఆ తర్వాతే. బండి టేపు ఉన్న వైపే నిలబెట్టడంతో పంటు ఒరిగిందని ఒకరు రాస్తారు. ఫొటో తీసేటప్పుడు అల వచ్చిందని మరొకరు. నాలుగు మూలలా కొలిచి సగటు తీస్తానని ఇంకొకరు. ముగ్గురికీ మార్కులు పడాల్సిందే!

చిక్కంతా పేపర్లు దిద్దేచోటే. ‘కీ’లో ఒకే జవాబు ఉంటే మిగతా ఇద్దరూ పోతారు. అందుకే ప్రశ్నతోపాటే ఏ కారణానికి ఎన్ని మార్కులో కూడా రాసుకోవాలి. ఇంకోటి, ప్రశ్న పేజీడు ఉంటే అది ఫిజిక్స్ పరీక్ష కాదు, తెలుగు రీడింగ్ పరీక్ష అవుతుంది. పంటు మొహం చూడని చిత్తూరు పిల్లకోసం ఒక బొమ్మ కూడా వేయాలి.

ఇదేం కొత్త పిచ్చి కాదు. 2015 ‘పీసా’ అంతర్జాతీయ పరీక్షకు తయారుచేసిన ఒక సైన్స్ ప్రశ్నలో, ఎండలో పరుగెత్తే మనిషిని కంప్యూటర్ తెరమీద చూపించారు. ఉష్ణోగ్రత, తేమ మార్చుతూ ఒంట్లో ఎంత నీరు పోతోందో పిల్లలే కనుక్కోవాలి. ఇక్కడ సీబీఎస్ఈ కూడా 9, 10 తరగతుల్లో సగం ప్రశ్నలు అన్వయం, ఆలోచన మీదే ఇమ్మంటోంది.

కంప్యూటర్లు లేని బడి ఏం చేయాలి? ఫోన్ సెన్సర్లతో కొలిచే ‘ఫైఫాక్స్’ అనే ఉచిత యాప్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లది. టీచర్ దగ్గర ఒక్క ఫోనున్నా కొలతలు తీసి, ఆ పట్టికను కాగితం మీద ఇవ్వొచ్చు. ఫోన్ లేని పిల్లలకూ అన్యాయం జరగదు.

వచ్చే ఏడాదికి ఈ ప్రశ్న కూడా క్వశ్చన్ బ్యాంకులో చేరి బట్టీ అయిపోతుందంటారా? నిజమే, అవుతుంది. అప్పుడు నీళ్లు మార్చేయడమే. అదే పంటు, అదే 2.4 టన్నుల వ్యాను... యానాం దాటి సముద్రపు ఉప్పునీటిలోకి వెళితే, దిగేది 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువా, తక్కువా?