నిర్దోషే.. కానీ విడుదల కాదు!

మతిస్థిమితం లేని వ్యక్తి చేతిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. దాడి చేసింది అతడేనని సాక్షులు చెప్పారు. అయినా న్యాయస్థానం నిందితుడిని నిర్దోషిగా ప్రకటించింది. ఇటువంటి తీర్పు వెలువడిన ప్రతిసారీ 'పిచ్చి నటించి తప్పించుకున్నాడు' అన్న విమర్శ వినిపించడం సహజం. అయితే ఈ కారణంతో నిర్దోషిగా తేలిన వ్యక్తి తీర్పు రోజునే నేరుగా ఇంటికి వెళ్లే అవకాశం చాలా తక్కువ. శిక్షకు గడువంటూ ఉంటుంది. ఈ నిర్బంధానికి మాత్రం చట్టం గడువు విధించలేదు.

చట్టం ఏమంటోంది?

1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను తుపాకీతో కాల్చి చంపాడు. మతిస్థిమితం లేదన్న కారణంతో న్యాయస్థానం అతడిని నిర్దోషిగా ప్రకటించడంతో ఇంగ్లాండులో పెద్ద దుమారం రేగింది. ప్రభువుల సభ న్యాయమూర్తుల అభిప్రాయం కోరింది. వారు సూచించిన నియమాలే 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్‌కు మూలమయ్యాయి. మెక్‌నాటన్ సైతం విడుదల కాలేదు. మానసిక వైద్యశాలల నిర్బంధంలోనే 1865లో మరణించాడు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నిబంధన 22వ సెక్షన్‌గా కొనసాగుతోంది. దీని ప్రకారం మతి చలించిన కారణంగా తాను చేస్తున్న పని స్వభావాన్ని గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధమన్న విషయాన్ని గాని గ్రహించలేని స్థితిలో చేసిన పని నేరం కాదు. ఉదాహరణకు గుమ్మడికాయను కోస్తున్నానన్న భ్రమలో మనిషి తలపై కత్తి దించిన వ్యక్తికి తన పని స్వభావమే తెలియదు. కోపిష్టి స్వభావం, మూర్ఛ వ్యాధి, వింత ప్రవర్తన వంటివి వాటంతట అవే ఈ రక్షణ కల్పించవు. స్వచ్ఛందంగా మద్యం సేవించి మత్తులో ఉన్నానని చెప్పడమూ చెల్లదు.

రుజువు భారం ఎవరిది?

నేరం జరిగిందని నిరూపించవలసిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దే. మతిస్థిమితం లేదని చూపవలసిన భారం మాత్రం నిందితుడిపై ఉంటుంది. దహ్యాభాయ్ ఛగన్‌భాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు 1964లో దీనిపై స్పష్టత ఇచ్చింది. నిందితుడు సందేహాతీతంగా నిరూపించనక్కర లేదని, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలని పేర్కొంది. చూడవలసింది ఘటన జరిగిన క్షణంలోని మానసిక స్థితినే. అందుకు ముందు, ఆ సమయంలో, ఆ తరువాత అతడి ప్రవర్తనను న్యాయస్థానం పరిశీలిస్తుంది. ఆయుధం దాచిపెట్టడం, పారిపోవడం వంటివి తప్పు తెలిసే చేశాడనడానికి ఆధారాలు కావచ్చు. వ్యాధి ఉన్నట్లు వైద్యుడు ధ్రువీకరించినంత మాత్రాన చట్టరీత్యా బాధ్యత తొలగిపోదు.

రెండూ వేర్వేరు

ఘటన నాటి స్థితి ఒక అంశం. విచారణ నాటి స్థితి మరొకటి. న్యాయస్థానంలో తనను తాను సమర్థించుకోలేని స్థితిలో నిందితుడు ఉంటే విచారణ వాయిదా పడుతుంది. ఆసుపత్రిలో ఉంచి చికిత్స చేయవలసిన అవసరం లేనప్పుడు, బంధువు లేదా స్నేహితుడు క్రమం తప్పక వైద్యం చేయిస్తానని, హాని జరగకుండా చూస్తానని హామీ ఇస్తే, నేరం బెయిలుకు వీలు లేనిదైనా విడుదల చేయవచ్చు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 369వ సెక్షన్ ఇందుకు అవకాశం కల్పిస్తోంది.

తీర్పు తర్వాత..

మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషిగా ప్రకటించేటప్పుడు, ఆ పని అతడే చేశాడా, లేదా అన్నది తీర్పులో స్పష్టంగా పేర్కొనాలి. చేశాడని తేలితే 374వ సెక్షన్ ప్రకారం న్యాయస్థానం ముందు రెండు మార్గాలు ఉంటాయి. ఒకటి, సురక్షిత నిర్బంధంలో ఉంచడం. రెండోది, దరఖాస్తు చేసుకున్న బంధువుకు లేదా స్నేహితుడికి తగిన పూచీకత్తుపై అప్పగించడం. నిర్బంధంలో ఉన్న వ్యక్తి వల్ల అతడికి గాని, ఇతరులకు గాని ప్రమాదం లేదని ధ్రువీకరణ అందితే విడుదలపై ప్రభుత్వం నిర్ణయం తీసుకుంటుంది.

దస్త్రాల్లోనే బతుకులు

ఈ ధ్రువీకరణ ఎవరూ పంపకపోతే, పంపినా ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. అప్పటి బీహార్‌లోని హజారీబాగ్ కేంద్ర కారాగారంలో కొందరు ఖైదీలు మానసికంగా కోలుకున్నా దశాబ్దాల తరబడి అక్కడే మగ్గిపోయిన విషయం 1982లో వీణా సేథీ కేసు ద్వారా సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. న్యాయస్థానం వారి విడుదలకు ఆదేశించింది.

అస్సాంలో 1951లో అరెస్టయిన ఒక గిరిజన యువకుడి ఉదంతం మరింత దయనీయం. తేజ్‌పూర్ మానసిక వైద్యశాలలో ఉన్న అతడు ఆరోగ్యంగా ఉన్నాడని 1967లో వైద్యులు ధ్రువీకరించారు. అయినా ఇంటికి పంపకుండా గౌహతి జైలుకు తరలించారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ జోక్యంతో 2005లో బయటకు వచ్చేనాటికి అతడికి 77 ఏళ్లు. 54 ఏళ్లు నిర్బంధంలోనే గడిచిపోయాయి. అతడిపై మోపిన అభియోగంపై విచారణ ఒక్కనాడూ పూర్తి కాలేదు. ఇటువంటి ఉదంతాల నేపథ్యంలో, ఆసుపత్రుల్లో ఉన్న విచారణ ఖైదీల ఆరోగ్య నివేదికలు ఎప్పటికప్పుడు న్యాయస్థానాలకు అందాలని సుప్రీంకోర్టు 2007లో ఆదేశించింది.

2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధిగ్రస్తులైన ఖైదీలకు చికిత్స కల్పించడాన్ని ప్రభుత్వ బాధ్యతగా చేసింది.

కుటుంబం ఏం చేయాలి?

విడుదల చాలావరకు కుటుంబం చొరవపైనే ఆధారపడి ఉంటుంది. అందువల్ల పాత మందుల చీటీలు, ఆసుపత్రి దస్త్రాలు భద్రపరచుకోవాలి. ఘటనకు ముందు నాటి చికిత్సకు అవే బలమైన ఆధారాలు. అరెస్టు జరిగిన వెంటనే వ్యాధి సంగతి మేజిస్ట్రేటు దృష్టికి తీసుకెళ్లాలి. నిర్బంధంలో ఉన్నవారికి, మానసిక వ్యాధిగ్రస్తులకు ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉంది. ఇందుకోసం జిల్లా న్యాయస్థానంలోని న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సహాయం అందుతుంది. తీర్పుతో పని పూర్తయిందని అనుకోరాదు. అప్పగించమని దరఖాస్తు చేసేవారు లేకపోతే, నిర్దోషిగా తేలిన మనిషి సైతం గోడల మధ్యే మిగిలిపోయే ప్రమాదం ఉంది.