అతుకు కనపడని బొమ్మలు

ముక్కూమొహం తెలియని యాత్రికులు తీసిన ఫొటోలతో ఒక చర్చిని కంప్యూటర్‌లో మళ్లీ నిలబెట్టారు తెలుసా? 2006లో నోవా స్నేవ్లీ, స్టీవెన్ సైట్జ్, రిచర్డ్ సెలిస్కీ చేసిన పని అది. ప్యారిస్‌లోని నోత్రదామ్ ఫొటోలను ఫ్లికర్ నుంచి దింపుకుని ప్రోగ్రామ్‌కు అప్పగించారు. ఎవరు ఎక్కడ నిలబడి, కెమెరా ఎటు తిప్పి నొక్కారో అదే లెక్కగట్టింది. ఫొటోలను ఇలా అతికించే మైక్రోసాఫ్ట్ వారి ఫొటోసింథ్ సేవకు మూలం ఇదే.

2007లో బ్లేజ్ అగ్వేరా ఇ ఆర్కాస్ టెడ్ వేదిక మీద దాన్ని నడిపి చూపినప్పుడు ఓ తమాషా బయటపడింది. ఆ ఫొటోల్లో ఒకటి అసలు చర్చిదే కాదు, గోడకున్న నోత్రదామ్ పోస్టరుది! ప్రోగ్రామ్ దాన్నీ సరైన చోటే అతికించింది.

ఫొటోసింథ్ 2008 ఆగస్టులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఒక్కొక్కరికి 20 గిగాబైట్ల చోటు ఉచితం. ఆ రోజుల్లో అది పెద్ద దానమే. ఎక్కించిన ఫొటోలు ఎంత బాగా కలిశాయో నూటికి ఇన్ని అని మార్కులు కూడా వేసేది. మరుసటి జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకారం నాడు, జనం పంపిన ఫొటోలతో సీఎన్ఎన్ ఆ క్షణాన్ని ఇందులోనే కూర్చింది.

అదే వేడుకను డేవిడ్ బెర్గ్‌మన్ అనే ఫొటోగ్రాఫర్ ఒక్కడే 220 ఫొటోలుగా తీసి, 1,474 మెగాపిక్సెళ్ల ఒకే బొమ్మగా కలిపాడు. కెమెరాను కొంచెం కొంచెంగా తిప్పే గిగాపాన్ యంత్రం అతనికి సాయం. అంగారకుడి మీద తిరిగిన రోవర్ల ఫొటోల పనిలోంచి వచ్చిన పరికరం అది. జూమ్ చేస్తూ పోతే జనంలో ఒక్కొక్కరి మొహం కనపడుతుంది.

అంత బరువైన బొమ్మ మామూలు ఇంటర్నెట్‌లో ఎలా తెరుచుకుంటుంది? బొమ్మను ముందే సగానికీ, అందులో సగానికీ కుదిస్తూ పోయి, ప్రతి సైజునూ చిన్న పలకలుగా కోసి ఉంచుతారు. మీరు చూస్తున్న మేరకే పలకలు దిగుతాయి. ఇన్ని సైజులు దాచినా అదనంగా పట్టే చోటు అసలు బొమ్మలో మూడో వంతే!

ఇక అతికించే ముందు రెండు ఫొటోలు ఒకే చోటివని గుర్తుపట్టాలి కదా, ఆ ఉపాయాల్లో పేరున్నది కెనడా శాస్త్రవేత్త డేవిడ్ లో 1999లో ప్రకటించిన సిఫ్ట్. మూలలు, మచ్చలు, గీతలు కలిసే చోట్లు... ఇలాంటి గుర్తులను పట్టుకుంటుంది. దూరం నుంచి తీసినా, కెమెరా ఒరిగినా చాలామటుకు పోల్చుకుంటుంది. 2003లో ఆయన, మాథ్యూ బ్రౌన్ మరో అడుగు వేశారు. నాలుగైదు చోట్ల ఫొటోలు కలగాపులగంగా పోసినా ఏవి దేనికి చెందినవో వేరు చేసి, సంబంధం లేనివాటిని పక్కన పడేసే పద్ధతి చూపారు. వెల్లవేసిన ఖాళీ గోడ దగ్గర మాత్రం ఈ తెలివంతా దండగే, పట్టుకోవడానికి గుర్తు ఉండాలిగా!

2010 నుంచి ఫొటోసింథ్‌లో పనోరమాలూ, అంటే చుట్టూ కనిపించేదంతా కలిపిన వెడల్పాటి బొమ్మలూ పెట్టుకోవచ్చన్నారు. 2013 చివర్లో వచ్చిన కొత్త రూపంలో వస్తువు చుట్టూ తిరగడం, నిలబడి చుట్టూ చూడడం, దారి వెంట నడవడం, గోడ పక్కగా జరగడం అని నాలుగు తీర్లు. 2017 ఫిబ్రవరిలో ఆ సేవ మూతపడింది. ఇంత మంచి సరుకును అలా ఆపేయడం నాకైతే నచ్చలేదు.

చివరగా ఓ చిలిపి సంగతి. వందేళ్ల కిందట అమెరికా బడుల్లో గ్రూప్ ఫొటోలను నెమ్మదిగా తిరిగే సర్కట్ కెమెరాతో తీసేవారు. ఒక కొసన నిలబడ్డ కుర్రాడు కెమెరా తనను దాటగానే వెనకనుంచి పరుగెత్తి రెండో కొసకు చేరితే, ఒకే ఫొటోలో రెండుసార్లు పడేవాడు. ఫోన్ పనోరమాలోనూ ఈ ఆట సాగుతుంది. తీసేవారి వెనకనుంచే పరుగెత్తాలి సుమా, ముందునుంచి వెళ్తే మధ్యలో ఒంటికాలు మిగిలిపోవచ్చు.