ఎవరూ కాదనకపోతే అందరూ ఔనన్నట్టేనా?

పంచాయతీ మినిట్స్ పుస్తకం ఎప్పుడైనా తిరగేశారా? పేజీ పేజీకీ కనిపించే మాట 'ఏకగ్రీవముగా తీర్మానించడమైనది'. గ్రీవమంటే మెడ, కంఠం. అందరి గొంతూ ఒక్కటే అయిందని భావం. సభలో మాట్లాడింది ఇద్దరు ముగ్గురే అయినా, తక్కినవారు కిక్కురుమనకుండా సంతకాలు పెట్టి వెళ్లిపోయినా పుస్తకంలో పడేది ఈ మాటే.

ఇంగ్లీషువారు ఇటువంటి చోట లాటిన్ భాష నుంచి తెచ్చుకున్న పొట్టి మాటలు వాడతారు. ఒకటి 'నెం. కాన్.' మన అలవాటు చొప్పున నంబరు అనుకునేరు! 'నెమినె' అంటే 'ఎవరూ లేకుండా'. పూర్తి మాట 'నెమినె కాంట్రాడిసెంటె', అంటే ఎదురు చెప్పినవారెవరూ లేకుండా అని. ఇది బ్రిటిష్ పార్లమెంటులో కామన్స్ సభ వాడుక. ప్రభువుల సభవారు 'నెం. డిస్.' అంటారు. భిన్నాభిప్రాయం ఎవరికీ లేకుండా అని దాని అర్థం. మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు గనుక! ఆ లెక్కన మొదటి మాటే నిజాయితీ గలది. కాదన్నవారు లేరంటుందే తప్ప అందరూ ఔనన్నారని చెప్పదు.

ఈ తేడా ఒక దేశం పుట్టుకలోనే కనిపించింది. 1776 జూలై 2న ఫిలడెల్ఫియాలో 13 అమెరికా వలసల ప్రతినిధులు బ్రిటన్ నుంచి విడిపోవాలని ఓటు వేశారు. 12 వలసలు ఔనన్నాయి. కాదన్నది ఒక్కటీ లేదు. న్యూయార్క్ ప్రతినిధులు మాత్రం ఊరకున్నారు. ఇష్టం లేక కాదు. ఔననడానికి సొంత వలస నుంచి వారికి అధికారం రాలేదు. రెండు రోజుల తరువాత ప్రకటన పాఠం ఆమోదించినప్పుడూ అంతే. ప్రకటన అచ్చయింది గాని, శీర్షికలో 'ఏకగ్రీవ' అన్న మాట పెట్టలేదు. జూలై 9న న్యూయార్క్ సరేనంది. ఆ కబురు అందాక, జూలై 19న, తోలు పత్రం మీద రాయించే ప్రతికి '13 రాష్ట్రాల ఏకగ్రీవ ప్రకటన' అని పేరు పెట్టమని సభ ఉత్తరువిచ్చింది. ఆ ఒక్క మాట కోసం పక్షం రోజులు పైగా ఆగవలసి వచ్చిందన్నమాట.

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించినప్పుడూ కాదన్న దేశం లేదు. అనుకూలం 48, వ్యతిరేకం సున్న, తటస్థం 8. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఊరకున్న ఆ ఎనిమిదింటిలో సోవియట్ యూనియన్, సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా ఉన్నాయి. వాటి పేర్లు రికార్డులో ఇప్పటికీ చదువుకోవచ్చు.