తరువాతి మడి యేది?

పెరియకుళమను తమిళనామమునకు మన మాటలో అర్థము చెప్పుకొన్నచో పెద్దచెరువు. వరాహనది నీటితో, మామిడితోటలతో పచ్చనైన ఆ సీమలో బడిలో తమిళము చదివి ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. చెరువు తూము విప్పినపుడు వంతు తప్పక నీటిని మడి వెంట మడికి మళ్లించు నీరటి పనిని చూచినవారికి, నేడు తోటలలో బోరుబావి మోటారును నడపు పెట్టెలోని మైక్రోకంట్రోలరు మర్మము సగము తెలిసినట్లే.

గణనయంత్రము, స్మృతిశాల, వెలుపలి తీగలతో సంబంధము నెరపు ద్వారములు, ఈ మూడును ఒక్క సిలికాను పలుకులో ఇమిడిన పరికరమే మైక్రోకంట్రోలరు. 1980లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 8051 ఈ జాతికి సుప్రసిద్ధమైన నిదర్శనము. ఆజ్ఞల కొరకు 4 కిలోబైట్ల స్థిరస్మృతియు, మారెడు విలువల కొరకు 128 బైట్ల స్మృతియు మాత్రమే దానికి గల సంపద.

స్మృతి గాదె యైనచో రిజిస్టరు చేతిలోని సోల. గాదెలోని గింజలను గాదెలోనే కొలువజాలము గదా! ఏ రెండు సంఖ్యలను కూడవలెనన్నను అందొకటి అక్యుములేటరను రిజిస్టరులోనికి రావలెను. వచ్చిన మొత్తమును అందే నిలుచును. దానికి తోడుగా ఆర్‌0 మొదలు ఆర్‌7 వరకు ఎనిమిది రిజిస్టర్లు కలవు. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకే పట్టును.

ఇక ప్రోగ్రాం కౌంటరు. ఇది పదునారు బిట్ల రిజిస్టరు. తరువాత చదువవలసిన ఆజ్ఞ యే చోట నున్నదో ఆ చోటి సంఖ్యను మాత్రమే మోయుచుండును. విద్యుత్తు రాగానే ఇది సున్న. సున్న చోట సాధారణముగా వేరొక చోటికి, 48కి అనుకొందము, దూకుమను ఆజ్ఞ యుండును. 48లో “అక్యుములేటరులో 5 ఉంచుము”, 50లో “దానికి 3 కూడుము”, 52లో “ఫలితమును ఒకటవ ద్వారమునకు పంపుము”, 54లో “ఇచ్చటనే నిలువుము” అని యున్నవనుకొనుడు. ఈ నాలుగింటిలో ప్రతి ఆజ్ఞయు రెండు బైట్లు గనుక కౌంటరు రెండేసి చొప్పున జరుగును. ఫలితమైన 8 ద్విసంఖ్యాపద్ధతిలో 00001000. అనగా ద్వారమందలి ఎనిమిది తీగలలో ఒక్కదానియందే విద్యుత్సంకేత ముండును. తగిన రిలే ద్వారా మోటారును తిప్పుటకు ఆ యొక్క తీగయే చాలును. నన్ను మిక్కిలి ఆకర్షించునది చివరి ఆజ్ఞ: దానిని చదువుటతోడనే కౌంటరు 56కు చేరును, పిదప అందుండి 2 తీసివేయగా మరల 54 అగును. యంత్రము నిలుచుట యనగా నిజమునకు అడుగు ముందుకు వేసి వెనుకకు వచ్చుటయే!

నీరటి మడి తడుపుచుండగా గట్టుకు గండిపడినదని కేక వినవచ్చిన, తాను విడిచిన మడిని గుర్తుంచుకొనియే పరుగెత్తును. ఇంటరప్టు అట్టిదే. బావిలో నీరింకినదని సంకేతము రాగానే యంత్రము కౌంటరులోని సంఖ్యను స్టాకను స్మృతిభాగములో దాచి, 3 అను సంఖ్యగల చోటికి పోవును. సున్నవద్దనున్న దూకుడు ఆజ్ఞ 0, 1, 2 చోట్లను సరిగా నింపుటచే ఈ రెంటికి ఒరపిడి లేదు. మోటారు నాపి, దాచిన సంఖ్యను తిరిగి తీసికొని, విడిచిన చోటనే పని సాగించును. ఐతే యంత్రము తనంతట దాచునది కౌంటరును మాత్రమే. అక్యుములేటరును దాచు బాధ్యత ప్రోగ్రాము వ్రాయువానిది. నూతనాభ్యాసకులు తడబడు స్థలమిదియేయని నా యెరుక.

చదువరులు, ముఖ్యముగా ఇంట తెలుగు పలుకు ఆ సీమ విద్యార్థులు, ఒక కాగితముపై 48 నుండి 54 వరకు ఈ నాలుగాజ్ఞలను వ్రాసి, ప్రతిదాని ప్రక్కను కౌంటరు విలువను, అక్యుములేటరు విలువను తమ చేతితోనే నింపి చూతురుగాక.