గిటార్ తల మీద పేరు ఎవరిది?

మన హాస్టళ్లలో, కాలేజీ వార్షికోత్సవాల్లో గిటార్ పట్టిన చాలామందికి మొదట చేతికందింది గివ్‌సన్. కోల్‌కతా సరుకు. అమెరికా గిబ్సన్‌కూ దానికీ పేరులో తేడా ఒక్క అక్షరమే. ధరలో తేడా మాత్రం సైకిలుకూ కారుకూ ఉన్నంత. "ఒరిజినల్ కాదులే" అని వాయించేవాళ్లే నవ్వుకునేవాళ్లు. ఈ వ్యాపారం పుట్టుపూర్వోత్తరాలు కాస్త తవ్వితే ఆ నవ్వు నిలవదు. ఒరిజినల్ అని కళ్లకద్దుకునే పేర్లు కూడా చేతులు మారినవే, అరువు తెచ్చుకున్నవే. ఆ మాటకొస్తే గిబ్సన్ గిటార్లు చేసింది గిబ్సన్ అనే మనిషి కాదు. ఆర్విల్ గిబ్సన్ మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్లో మాండొలిన్లు, గిటార్లు చెక్కిన పనివాడు. 1902లో ఆయన పేరుతో కంపెనీ పెట్టింది అయిదుగురు వ్యాపారులు. 1918లో ఆయన కన్నుమూసే నాటికి ఎలక్ట్రిక్ గిటార్ అన్నదే లేదు.

అది ఎందుకు పుట్టిందో ముందు చూద్దాం. గిటార్ నోరు చిన్న వాద్యం. తీగ మీటగానే మోగుతుంది, మరుక్షణం సన్నగిల్లుతుంది. ట్రంపెట్లు, శాక్సఫోన్లు నిండిన అమెరికా డాన్సు బ్యాండ్లలో దాని గొంతు పక్కవాడికే వినపడేది కాదు. దీనికి దొరికిన మందు ఇంటర్మీడియట్ ఫిజిక్సు పుస్తకంలో ఉన్నదే. ఉక్కు తీగ కింద అయస్కాంతం పెట్టి, దానికి వెంట్రుక లాంటి రాగి తీగను వేల చుట్లు చుడతారు. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. దీన్నే పికప్ అంటారు. ఆ రవ్వను పెంచి స్పీకరుకు అందించేది యాంప్లిఫయర్. జార్జ్ బోషాం అనే హవాయి గిటార్ వాద్యకారుడు ఈ ఉపాయంతో చేసినదాన్ని 1932లో లాస్ ఏంజెలెస్ నుంచి రికెన్‌బ్యాకర్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. ఒళ్లో పడుకోబెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించే ఆ వాద్యం గుండ్రంగా, పొడుగు పిడితో ఉండేది. జనం దానికి పెట్టిన ముద్దుపేరు అట్లపెనం. పేటెంటు చేతికొచ్చేసరికి 1937 అయింది. గిబ్సన్ అప్పటికే తన ఎలక్ట్రిక్ గిటార్‌ను బజార్లోకి దించేసింది.

పికప్ ఇచ్చింది కేవలం పెద్ద గొంతు కాదు, నిలిచే గొంతు. ఆ తేడా తెలుగువాళ్లకు చెప్పాలంటే పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పేరు చాలు. జంట తీగల మామూలు మాండొలిన్ మీద గమకం పలికించడం కష్టం. ఆయన ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు, అయిదు తీగలతో. స్వరం నిలిచింది కాబట్టే దాన్ని ఊపగలిగారు. ఆ కచేరీల్లో వాద్యం మీద ఏ కంపెనీ పేరుందో ఎవరం చూశాం?

ఇప్పుడు అసలు కథానాయకుడు. లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఊళ్లోని వాద్యకారులు పాడైన యాంప్లిఫయర్లు తెచ్చేవారు. బాగుచేస్తూ చేస్తూ తానే తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆయన గిటార్ చూస్తే రిపేరువాడి బుర్ర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అప్పటి గిటార్ల బోలు పొట్ట స్పీకరు ముందు నిలబడితే ఊళ్లో మైకు సెట్టులాగా కూ అని కూసేది. ఆయన పొట్టే తీసేసి చెక్క దిమ్మ పెట్టాడు. గిబ్సన్ వాళ్లు మెడను జిగురుతో అతికిస్తే, ఈయన నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. పనితనం తెలిసిన వడ్రంగులు ఆ పలకను చూసి నవ్వారంటే తప్పు పట్టలేం.

1950లో దానికి బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టాడు. అదే పలుకుతో తమ డ్రమ్ములున్నాయని గ్రెచ్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఫెండర్ మనుషులు గొడవ పెట్టుకోలేదు. అచ్చేసుకున్న లేబుళ్లు పారేయడమెందుకని, కత్తెరతో బ్రాడ్‌కాస్టర్ అన్న మాట కత్తిరించి, మిగిలిన ముక్క గిటార్ తలకు అంటించారు. అలా 1951లో కొన్ని నెలలపాటు మోడల్ పేరే లేని గిటార్లు బయటికొచ్చాయి. కొత్తగా వస్తున్న టెలివిజన్‌ను తలుచుకుని తర్వాత టెలికాస్టర్ అని పెట్టారు. ఆ పేరు లేని గిటార్లకే ఇవాళ పాతసామాన్ల సంతలో గిరాకీ ఎక్కువ.

లండన్‌లో జిమ్ మార్షల్‌ది ఇంకో దారి. ఆయన డ్రమ్ములు వాయించేవాడు, నేర్పేవాడు. హాన్‌వెల్ పేటలో డ్రమ్ముల కొట్టు పెట్టాడు. గిటార్ వాయించే పీట్ టౌన్‌షెండ్ లాంటి కుర్రాళ్లు వచ్చి, గిటార్లూ యాంప్లిఫయర్లూ కూడా పెట్టమన్నారు. వాళ్లకు కావలసిన ఫెండర్ బాస్‌మన్ యాంప్లిఫయర్ అమెరికా నుంచి దిగుమతయ్యేసరికి భరించలేని ధర. కొట్లో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రవాడు కలిసి ఆ బాస్‌మన్ సర్క్యూట్‌నే దించారు. 1962లో అమ్మకం మొదలైంది. పచ్చిగా చెప్పాలంటే కాపీ. అసలు ఫెండర్ సర్క్యూట్లు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, యాంప్లిఫయర్లలో వాడే వాల్వులు తయారుచేసే కంపెనీలు కొనుగోలుదార్ల కోసం అచ్చేసిన సర్క్యూట్ల మీద కట్టుకున్నవే.

అయితే అమెరికా వస్తువులు దొరక్క ఇంగ్లండులో దొరికినవి వేశారు. వాల్వులు మారాయి. పది అంగుళాల స్పీకర్ల బదులు పన్నెండు అంగుళాల సెలెస్టియన్లు వచ్చాయి. కాపీ కాస్తా వేరే గొంతుతో పలికింది, ఇంకా తొందరగా బొంగురుపోయే గొంతు. అదే రాక్ సంగీతానికి కావలసి వచ్చింది. టౌన్‌షెండ్ 100 వాట్లు కావాలన్నాడు. ఎనిమిది స్పీకర్లు ఒకే పెట్టెలో పెట్టమన్నాడు. మోసేవాళ్ల నడుములు విరిగేసరికి దాన్ని రెండు పెట్టెలుగా కోసి ఒకదాని మీద ఒకటి పెట్టారు. వేదిక మీద గోడలా నిలబడే మార్షల్ స్టాక్ అలా పుట్టింది.

బొంగురు గొంతు అంటే ఏమిటి? యాంప్లిఫయర్ తన శక్తికి మించి అరవబోతే ధ్వని తరంగం పైభాగం, కిందిభాగం కత్తిరించినట్టు చదునైపోతాయి. అలా తెగిన తరంగంలో అసలు స్వరంతోపాటు దాని పై స్వరాలు గుంపుగా పుట్టుకొస్తాయి. పెళ్లిపందిట్లో సౌండు మరీ పెంచితే వచ్చే గరగర ఇదే. ఇంజనీర్లకు అది లోపం. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ఒకటి నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా, మిక్సింగ్ బోర్డులో ఓ భాగం చెడి గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ ముక్క ఇలాగే గరగరలాడింది. దాన్ని చెరపకుండా ఉంచేశారు. పాట హిట్టయింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడిపోయిన మోతను ట్రాన్సిస్టర్లతో చిన్న పెట్టెలో కావాలని పుట్టించి గిబ్సన్‌కు అమ్మాడు. 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో వచ్చిన ఆ కాలి మీటను గిటార్‌ను ట్రంపెట్‌లా, చెల్లోలా పలికించే సాధనమని ప్రచారం చేశారు. షాపుల్లో సరుకు కదల్లేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కాక ఉన్నదంతా చెల్లిపోయింది. ఆయన కూడా ఆ ముక్కను తర్వాత హారన్లు వాయించాల్సిన చోటికి గుర్తుగా పెట్టుకున్నాడట. ఇవాళ ప్రతి పెడల్ కంపెనీ ఆ చెడిపోయిన బోర్డుకు బాకీ.

పేర్ల సంగతి జపాన్ దగ్గర మరీ సరదాగా ఉంటుంది. ఐబనేజ్ అంటే స్పెయిన్‌లో సాల్వడోర్ ఇబాన్యెజ్ అనే గిటార్ల తయారీదారు ఇంటిపేరు. నగోయాలోని హోషినో కంపెనీ 1929లో ఆ గిటార్లు దిగుమతి చేసుకుంది. తర్వాత ఆ పేరునే తన గిటార్ల మీద వేసుకుంది. 1970ల్లో గిబ్సన్ మోడళ్లను తు.చ. తప్పకుండా దించింది. 1977లో గిబ్సన్ యాజమాన్యం ఐబనేజ్ అమెరికా పంపిణీదారు మీద కోర్టుకెక్కింది. వ్యాజ్యం దేనిమీదనుకున్నారు? చెక్క మీద కాదు, పికప్ మీద కాదు, తల ఆకారం మీద. రాజీతో ముగిసింది. ఫెండర్ ఇంకో రకంగా తెలివి చూపింది. 1960ల్లో తాను కొన్న స్క్వయర్ అనే తీగల కంపెనీ పేరును 1982లో పైకి తీసి, జపాన్‌లో చేయించిన చవక గిటార్లకు పెట్టింది.

ఇక చేతులు మారడం. 1969లో గిబ్సన్ దక్షిణ అమెరికాలో బీరు వ్యాపారం చేసే సంస్థ కిందికి వెళ్లింది. 1984లో కలమజూ ఫ్యాక్టరీ మూసేసి నాష్‌విల్‌కు మారారు. ఊరు వదలని పనివాళ్లు కొందరు అదే భవనంలో హెరిటేజ్ పేరుతో గిటార్లు చేసుకున్నారు. గిబ్సన్ చేతులు అక్కడ, గిబ్సన్ పేరు ఇక్కడ. ఏది ఒరిజినల్? నన్నడిగితే ఆ భవనంలో రంపం పట్టినవాడిదే. గిబ్సన్ కంపెనీ 2018లో దివాలా రక్షణ కోరింది, యజమానులు మళ్లీ మారారు.

ఫెండర్ది అంతకన్నా వింత. 1965 జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకు 130 లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఒంట్లో బాగోలేదు, ఎక్కువ రోజులు బతకననుకున్నాడు. సీబీఎస్ చేతిలో నాణ్యత పడిపోయిందని వాద్యకారులు ఇప్పటికీ అంటారు, అంతకుముందు గిటార్లకు పెట్టే ధరలు దానికి సాక్ష్యం. 1985లో ఉద్యోగులే కూడి 125 లక్షల డాలర్లకు తిరిగి కొనుక్కున్నారు. కొన్నదాంట్లో పేరుంది, పేటెంట్లున్నాయి, మిగిలిన సరుకుంది. ఫ్యాక్టరీ మాత్రం లేదు. కొంతకాలం ఫెండర్ గిటార్లు ఎక్కువగా జపాన్ నుంచే రావాల్సి వచ్చింది.

లియోకు జబ్బు నయమైంది. చేతులు ఊరుకోలేదు. మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీకి పనిచేశాడు. తర్వాత పాత మిత్రుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి 1980లో మరో గిటార్ల కంపెనీ తెరిచాడు. సొంత పేరు అమ్ముకున్నాడు కాబట్టి గిటార్ల తల మీద ఫెండర్ అని రాసుకునే వీల్లేదు. జి, ఎల్ అని ఇద్దరి పొడి అక్షరాలు వేసుకున్నారు. 1991లో చనిపోయేదాకా లియో అక్కడికే పనికి వెళ్లాడు. ఆ ఫ్యాక్టరీ ఉన్న వీధి పేరు ఫెండర్ అవెన్యూ.